క్యాన్సర్ చికిత్సలో గుండె లయ సమస్యలు

క్యాన్సర్‌కు మందులు వాడుతున్న రోజుల్లో, రేడియేషన్ సమయంలో, శస్త్రచికిత్స తర్వాత, కొందరిలో చికిత్స ముగిసిన ఏళ్లకు కూడా గుండె కొట్టుకునే తీరు మారవచ్చు. కొట్టుకునే వేగం పెరగడం, మందగించడం, వరుస తప్పడం, పైగదుల్లో పుట్టిన విద్యుత్ సంకేతం కిందిగదులకు అందకపోవడం ఈ సమస్యల్లో ముఖ్యమైనవి. వీటిలో ఎక్కువ భాగం తాత్కాలికమైనవి, సరిదిద్దడానికి వీలైనవి. కొన్ని మాత్రం నిమిషాల్లో ప్రాణం తీయగలవు. ఆ తేడా పసిగట్టి, క్యాన్సర్ చికిత్స అనవసరంగా ఆగిపోకుండా గుండెను కాపాడటం కార్డియో ఆంకాలజీ అనే వైద్య విభాగం బాధ్యతల్లో ఒకటి.

గుండె లయ: ప్రాథమిక విషయాలు

గుండె కుడి పైగదిలోని సైనస్ కణుపులో విద్యుత్ సంకేతం పుడుతుంది. అది పైగదులైన కర్ణికల గుండా పాకి, ఏవీ కణుపు దగ్గర క్షణకాలం ఆగి, కిందిగదులైన జఠరికలకు చేరుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఇది జరుగుతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా దాన్ని లయ సమస్య అంటారు.

క్యాన్సర్ రోగుల్లో ప్రధానంగా కనిపించేవి నాలుగు. మొదటిది సైనస్ టాకీకార్డియా. ఇందులో లయ సరిగానే ఉంటుంది కాని వేగం పెరుగుతుంది. రెండోది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. కర్ణికలు సంకోచించడం మాని అదేపనిగా కంపిస్తాయి, నాడి అడ్డదిడ్డంగా నడుస్తుంది, లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. మూడోది గుండె మందగించడం, ఏవీ కణుపు దగ్గర సంకేతం ఆగిపోయే హార్ట్ బ్లాక్. నాలుగోది జఠరికల్లో పుట్టే వేగవంతమైన లయలు. అన్నిటికంటే అరుదైనదీ, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే.

చరిత్ర

క్యాన్సర్‌కు మందులతో చికిత్స మొదలైన తొలినాళ్లలో గుండె గురించిన ఆలోచన పెద్దగా లేదు. 1947-48లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు అమినోప్టెరిన్ వాడి తాత్కాలికంగానైనా వ్యాధిని అణచగలిగాడు. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలల్లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. అప్పట్లో రోగి నెలలు బతకడమే గొప్ప. పదేళ్ల తర్వాత గుండె ఏమవుతుందన్న ప్రశ్నకు తావు లేదు.

ఆ ప్రశ్నను ముందుకు తెచ్చినవి ఆంత్రాసైక్లిన్ మందులు. ఇటలీ మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ ప్యూసెటియస్ అనే సూక్ష్మజీవి నుంచి 1960ల్లో డానోరూబిసిన్, తర్వాత డాక్సోరూబిసిన్ వచ్చాయి. రెండోదానికి పక్కనున్న ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీదే ఏడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. 1979లో వాన్ హాఫ్ బృందం 4,000 మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి, మోతాదు పెరిగేకొద్దీ గుండె వైఫల్యం ఎలా పెరుగుతుందో చూపింది. శరీర ఉపరితలం చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాముల దగ్గర 3 శాతం, 550 దగ్గర 7 శాతం, 700 దగ్గర 18 శాతం మందిలో గుండె దెబ్బతింది. జీవితకాలపు మోతాదుకు హద్దు పెట్టే పద్ధతి ఈ లెక్కల నుంచే బలపడింది.

చాలాకాలం వైద్యుల దృష్టి గుండె కండరం బలహీనపడటం మీదే ఉండేది. 2000 తర్వాత కణంలోని ఒక్కో ఎంజైమును గురిపెట్టే మాత్రలు, రోగనిరోధక వ్యవస్థను ఉసిగొలిపే మందులు వచ్చాక లయ సమస్యలు వేరే అధ్యాయంగా ఎదిగాయి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2022లో వెలువరించిన కార్డియో ఆంకాలజీ మార్గదర్శకాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు, క్యూటీ అనే ఈసీజీ కొలత పెరగడానికి విడివిడిగా సూచనలున్నాయి.

లయ ఎందుకు తప్పుతుంది

కారణాన్ని ఒక్క మందు మీదకు నెట్టేయడం సులువు. వాస్తవంలో సాధారణంగా మూడు వరుసల కారణాలు కలిసి పనిచేస్తాయి.

మొదటి వరుస రోగికి ముందునుంచీ ఉన్నవి: వయసు, రక్తపోటు, మధుమేహం, పాత గుండెపోటు, కవాటాల జబ్బు, పొగ అలవాటు. క్యాన్సర్ వచ్చే వయసూ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చే వయసూ దాదాపు ఒకటే కాబట్టి రెండూ ఒకరిలోనే కనిపించడంలో వింత లేదు.

రెండో వరుస క్యాన్సర్ తెచ్చిపెట్టేవి. శరీరమంతా వ్యాపించిన వాపు ప్రక్రియ, రక్తహీనత, జ్వరం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, గుండె చుట్టూ నీరు చేరడం లయను కదిలిస్తాయి. ఊపిరితిత్తి కణితి ఎడమ కర్ణిక గోడను తాకవచ్చు. ఎముక మజ్జ క్యాన్సర్ అయిన మైలోమాలో, ఎముకలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌లో కాల్షియం పెరిగి క్యూటీ కుదించుకుపోతుంది. రక్తక్యాన్సర్‌కు చికిత్స మొదలైన తొలి రోజుల్లో కణాలు ఒక్కసారిగా నశిస్తే పొటాషియం రక్తంలోకి పోటెత్తుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు క్యాన్సర్ బయటపడిన తొలి 90 రోజుల్లో అధికంగా ఉంటుందని గమనించారు.

మూడో వరుస చికిత్స. ఇందులో క్యాన్సర్ మందు నేరుగా చేసే హాని ఒక పాలు మాత్రమే. వాంతులు, విరేచనాల వల్ల పొటాషియం, మెగ్నీషియం పడిపోవడం, తోడుగా వాడే మాత్రలు, కీమో ఇవ్వడానికి అమర్చిన గొట్టం కొన గుండె గదిలోకి కాస్త ఎక్కువగా దిగి లోపలి గోడను రాపిడి చేయడం కూడా లయ తప్పిస్తాయి.

కీమోథెరపీ మందులు

ఆంత్రాసైక్లిన్లు ఎక్కించేటప్పుడూ, ఆ తర్వాతి గంటల్లోనూ అదనపు స్పందనలు, కొద్దిపాటి ఈసీజీ మార్పులు కనిపించవచ్చు. అవి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. నెలలు, ఏళ్ల తర్వాత గుండె కండరం బలహీనపడినప్పుడు వచ్చే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, జఠరికల లయ సమస్యలే బరువైనవి.

పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ కథ వేరు. నీటిలో కరగని ఈ మందును ఆముదం నుంచి తయారైన ద్రావకంలో కలిపి ఎక్కిస్తారు. తొలి ప్రయోగాల్లో కొందరికి తీవ్రమైన ఎలర్జీ రావడంతో రోగుల గుండెను యంత్రం మీద నిరంతరం గమనించారు. అలా చూసినప్పుడు అండాశయ క్యాన్సర్ రోగుల్లో దాదాపు 30 శాతం మందిలో గుండె మందగించినట్టు బయటపడింది. వారిలో అత్యధికులకు ఏ ఇబ్బందీ కలగలేదు. అందుకే ఇప్పుడు అందరికీ మానిటర్ పెట్టరు. ముందునుంచీ గుండె విద్యుత్ మార్గాల్లో లోపం ఉన్నవారి విషయంలోనే ఆ జాగ్రత్త తీసుకుంటారు.

ఫ్లోరోయూరసిల్, దాని మాత్ర రూపమైన కాపెసిటబిన్ గుండె రక్తనాళాలను ఒక్కసారిగా బిగుసుకుపోయేలా చేయగలవు. ఛాతీలో నొప్పి, దాంతోపాటు జఠరికల లయ తప్పడం ఇందులో ప్రమాదం. పేగు క్యాన్సర్‌కు 46 గంటల పాటు పంపు ద్వారా మందు ఎక్కే పద్ధతిలో రోగి ఇంట్లో ఉండగానే ఇది రావచ్చు. తొలి విడతలోనే ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి వస్తే పంపు ఆపించి ఆసుపత్రికి చేరాలి. ఒకసారి ఇలా జరిగాక అదే మందును మళ్లీ మొదలుపెట్టడం ఆషామాషీగా తీసుకునే నిర్ణయం కాదు.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల ద్వారా మెగ్నీషియాన్ని బయటికి పోనిస్తుంది. ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే అధిక మోతాదు మెల్ఫలాన్‌కు ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో సంబంధం ఉంది. మైలోమాలో వాడే థాలిడమైడ్ గుండెను మందగింపజేస్తుంది.

క్యూటీ: ఈసీజీ కాగితం మీద ఒక కొలత

జఠరికలు సంకోచానికి సిద్ధమైన క్షణం నుంచి తిరిగి విద్యుత్‌పరంగా విశ్రాంతికి చేరే వరకు పట్టే కాలాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు. ఇది హద్దు మీరి సాగితే టోర్సాడ్ ది పాయింట్ అనే మెలికలు తిరిగే లయ పుట్టి, రోగి స్పృహ తప్పవచ్చు, మరణించవచ్చు. ఫ్రెంచ్ వైద్యుడు ఫ్రాంస్వా దెసెర్తెన్ 1966లో దీన్ని వర్ణించాడు.

ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. పన్నెండున్నర గడులు దాటితే 500 మిల్లీసెకన్లు మించినట్టు. గుండె వేగం పెరిగినప్పుడు క్యూటీ సహజంగా కుదించుకుపోతుంది కనుక వేగానికి తగ్గట్టు లెక్క సవరించాలి. ఇందుకు రెండు సూత్రాలు 1920లోనే వచ్చాయి. ఇంగ్లండ్‌కు చెందిన బాజెట్ వర్గమూలం వాడాడు, డెన్మార్క్‌కు చెందిన ఫ్రెడెరీసియా ఘనమూలం వాడాడు.

ఈ తేడా రోగి చికిత్సనే మార్చేయగలదు. జ్వరంతో ఉన్న ఒక పురుష రోగికి నాడి నిమిషానికి 100, కొలిచిన క్యూటీ 360 మిల్లీసెకన్లు అనుకుందాం. బాజెట్ సూత్రంలో అది 465 అవుతుంది. మగవారికి మామూలుగా చెప్పే 450 హద్దు దాటినట్టే. ఫ్రెడెరీసియా సూత్రంలో అదే కొలత 427 మాత్రమే, అంటే బొత్తిగా మామూలు. క్యాన్సర్ రోగుల్లో రక్తహీనత వల్లా, జ్వరం వల్లా గుండె వేగంగా కొట్టుకోవడం సాధారణం. బాజెట్ లెక్కను నమ్ముకుంటే అవసరమైన మందును అనవసరంగా ఆపే ప్రమాదం ఉంది. అందుకే ఆంకాలజీలో ఫ్రెడెరీసియా సూత్రాన్నే వాడమంటారు. ఆ లెక్కలో 480 దాటితే కారణాలు వెతికి సరిచేస్తారు, 500 దాటితే మందును తాత్కాలికంగా ఆపుతారు. చాలా ఈసీజీ యంత్రాలు బాజెట్ విలువనే అచ్చువేస్తాయి. కాగితం మీద ఏ సూత్రం వాడారో చూడకుండా ఆ అంకెను నమ్మకూడదు.

క్యూటీని పెంచే క్యాన్సర్ మందుల్లో ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ప్రసిద్ధమైనది. చైనాలోని హార్బిన్ వైద్యులు 1970ల్లో దీన్ని ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాకు వాడటం మొదలుపెట్టారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతించింది. మన దేశంలో వెల్లూరు సీఎంసీ వైద్యులు ఈ ఒక్క మందుతోనే అనేకమందికి చికిత్స చేసి ఫలితాలు ప్రకటించారు. ఆ రక్తక్యాన్సర్‌ను నయం చేయగల మందు కాబట్టి క్యూటీ భయంతో దాన్ని మానేయరు. పొటాషియం లీటరుకు 4 మిల్లీఈక్వివలెంట్ల పైన, మెగ్నీషియం డెసిలీటరుకు 1.8 మిల్లీగ్రాముల పైన ఉండేలా చూస్తూ, తరచూ ఈసీజీ తీస్తూ కొనసాగిస్తారు. థైరాయిడ్ క్యాన్సర్‌కు వాడే వాండెటానిబ్, దీర్ఘకాల రక్తక్యాన్సర్‌కు వాడే నిలోటినిబ్, రొమ్ము క్యాన్సర్‌కు వాడే రైబోసిక్లిబ్, మెలనోమాకు వాడే వెమురాఫెనిబ్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే ఓసిమెర్టినిబ్ కూడా ఈ జాబితాలోవే. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టెరాన్‌ను తగ్గించే చికిత్స సైతం క్యూటీని పెంచుతుంది, ఎందుకంటే ఆ హార్మోనుకు క్యూటీని కుదించే గుణం ఉంది.

తోడు మాత్రల భారం

క్యాన్సర్ మందు ఒక్కటే క్యూటీని ప్రమాదస్థాయికి చేర్చడం అరుదు. వాంతులకు ఆండాన్‌సెట్రాన్, కడుపులో మంటకు డాంపెరిడోన్ కలిసిన గ్యాస్ మాత్ర, జ్వరానికి అజిత్రోమైసిన్ లేదా లీవోఫ్లాక్సాసిన్, ఫంగస్‌కు ఫ్లూకోనజోల్ లేదా వోరికొనజోల్, దిగులుకు ఎస్సిటాలోప్రామ్, నొప్పికి మెథడోన్ క్యూటీని ఎంతో కొంత పెంచేవే. విడివిడిగా చూస్తే చిన్నవి, కలిస్తే తడిసి మోపెడవుతాయి. వీటిలో ఆండాన్‌సెట్రాన్ 32 మిల్లీగ్రాములను నరం ద్వారా ఒకేసారి ఇచ్చే పద్ధతిని 2012లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ కారణంగానే మాన్పించింది. ఏళ్ల తరబడి వాడే పాంటొప్రజోల్ వంటి ఆమ్ల నిరోధకాలు మెగ్నీషియాన్ని తగ్గించి పరోక్షంగా ఇదే పని చేస్తాయి.

మన ఊళ్లలో మందుల చీటీ లేకుండానే గ్యాస్ మాత్ర, అజిత్రోమైసిన్ కొనుక్కునే అలవాటు ఉంది. మామూలు మనిషికి దాంతో పెద్దగా ప్రమాదం లేకపోవచ్చు. రెండు రోజులుగా విరేచనాలతో నీరసించి, క్యూటీని పెంచే క్యాన్సర్ మందు వాడుతున్న మనిషికి అదే కొనుగోలు ప్రాణాంతకం కావచ్చు. ఆడవారిలో క్యూటీ సహజంగానే కొంచెం ఎక్కువ ఉంటుంది, టోర్సాడ్ ముప్పు కూడా వారికే ఎక్కువ.

గురిపెట్టిన మాత్రలు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో ఎక్కువగా ముడిపడిన క్యాన్సర్ మాత్ర ఐబ్రూటినిబ్. లింఫోసైట్ల క్యాన్సర్లకు దీన్ని 2013లో అమెరికాలో అనుమతించారు. బీటీకే అనే ఎంజైమును అడ్డుకోవడం దీని పని. దాంతోపాటు సీఎస్‌కే అనే మరో ఎంజైమును కూడా అడ్డుకోవడం వల్ల కర్ణికలు దెబ్బతింటున్నాయని 2020లో వెలువడిన పరిశోధన సూచించింది. ఈ అవగాహనకు తగ్గట్టే, బీటీకేను మరింత ఖచ్చితంగా గురిపెట్టే తర్వాతి తరం మందుల్లో సమస్య తగ్గింది. నేరుగా పోల్చిచూసిన ఒక ప్రయోగంలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లేదా దాని తోడు లయ సమస్య ఐబ్రూటినిబ్ వాడినవారిలో 16 శాతం మందికి వస్తే, అకాలాబ్రూటినిబ్ వాడినవారిలో 9.4 శాతానికి పరిమితమైంది. మరో ప్రయోగంలో ఐబ్రూటినిబ్‌తో 13.3 శాతం, జానుబ్రూటినిబ్‌తో 5.2 శాతం. అయితే ఐబ్రూటినిబ్ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని కూడా మందగింపజేస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినందుకు రక్తం పలచన చేసే మందు ఇవ్వాలి, ఇస్తే రక్తస్రావం భయం. ఈ అడకత్తెర వల్లే కొత్త రోగుల్లో చాలామందికి తర్వాతి తరం మందులను ఎంచుకుంటున్నారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏఎల్‌కే జన్యుమార్పు ఉన్నవారికి వాడే క్రిజోటినిబ్ వంటి మందులు సైనస్ లయను మందగింపజేస్తాయి. రోగికి కళ్లు తిరగకుండా, నీరసం లేకుండా ఉంటే అది ఆందోళనపడాల్సిన విషయం కాదు. అప్పటికే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ వాడుతున్నవారిలో ఆ మందును ముందుగా పరిశీలిస్తారు.

ఇమ్యునోథెరపీ

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, ఇపిలిముమాబ్ వంటి చెక్‌పాయింట్ నిరోధకాలు రోగనిరోధక వ్యవస్థకున్న కళ్లేన్ని వదిలేస్తాయి. ఉసిగొలిపిన టీ కణాలు అరుదుగా గుండె మీదే దాడి చేస్తాయి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకుని గుండె కండర వాపుతో మరణించిన ఇద్దరు మెలనోమా రోగుల వివరాలు 2016లో అచ్చయ్యాయి. వారి గుండె కండరంలో టీ కణాలు కిక్కిరిసి కనిపించాయి. ఈ మయోకార్డైటిస్ దాదాపు నూటికి ఒకరిలోనే వస్తుంది. కాని వచ్చినవారిలో మరణాల శాతం చాలా ఎక్కువ.

ఎక్కువగా తొలి మూడు నెలల్లో వచ్చే ఈ సమస్య తొలి గుర్తు ఈసీజీలో, కర్ణికల నుంచి జఠరికలకు సంకేతం చేరే కాలాన్ని చూపే పీఆర్ విరామం పెరగడం కావచ్చు. అదే గంటల్లో పూర్తి హార్ట్ బ్లాక్‌గా మారగలదు. కనురెప్పలు వాలిపోవడం, మెడ, భుజాల కండరాలు నీరసించడం తోడుగా ఉంటే అనుమానం బలపడుతుంది. గుండె కండరం దెబ్బతిన్నదేమో చూపే ట్రోపోనిన్ పరీక్ష చేసి, అనుమానం గట్టిగా ఉంటే నివేదికలన్నీ వచ్చేదాకా ఆగకుండా రోజుకు 500 నుంచి 1,000 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్ మొదలుపెడతారు. అవసరమైతే తాత్కాలిక పేస్‌మేకర్ అమరుస్తారు. క్యాన్సర్ మందును వెంటనే ఆపాల్సిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

రోగి టీ కణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్ టీ కణాల చికిత్సలో, రోగనిరోధక సంకేత రసాయనాలైన సైటోకైన్ల ఉప్పెన వచ్చినప్పుడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో సహా పలు లయ సమస్యలు రావచ్చు. టొసిలిజుమాబ్‌తో ఆ ఉప్పెనను అణచితే లయ కూడా కుదుటపడటం సాధారణం. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆసుపత్రి కృషితో రూపొందిన నెక్స్‌కార్19 అనే కార్ టీ చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి రావడంతో ఇది ఇక్కడి వైద్యులకూ అవసరమైన విషయమైంది.

రేడియేషన్, శస్త్రచికిత్స

జనం కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వల్ల గుండెకు హాని నెమ్మదిగా జరుగుతుంది. ఎడమ రొమ్ముకు, హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఛాతీ మధ్యభాగానికి ఇచ్చినప్పుడు గుండె విద్యుత్ మార్గాల చుట్టూ నార కణజాలం పెరిగి, ఏళ్లు గడిచాక హార్ట్ బ్లాక్ రావచ్చు. విశ్రాంతిలో కూడా నాడి వేగం తగ్గకపోవడం మరో ఆలస్యపు ఫలితం. గుండెకు అందే సగటు మోతాదు ఒక్కో గ్రే (రేడియేషన్ కొలమానం) పెరిగేకొద్దీ తీవ్రమైన కరోనరీ సంఘటనల ముప్పు 7.4 శాతం పెరుగుతుందని 2013లో వచ్చిన అధ్యయనం లెక్కకట్టింది. ఊపిరి బిగబట్టించి, ఊపిరితిత్తి నిండినప్పుడు గుండె రొమ్ము నుంచి దూరంగా జరిగిన క్షణాల్లోనే కిరణాలు పంపే పద్ధతి ఇందుకే వచ్చింది.

పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ ఉన్నవారికి రేడియేషన్ ఇవ్వవచ్చు. యంత్రం నేరుగా కిరణాల దారిలో ఉండకూడదు. దానికి చేరే మొత్తం మోతాదును 2 గ్రే లోపు ఉంచే ప్రయత్నం చేస్తారు. న్యూట్రాన్లు పుట్టించే 10 మెగావోల్టుల పై శక్తి కిరణాలను వీలైనంతవరకు వాడరు.

విచిత్రమేమిటంటే లయ చెడగొట్టే ఇవే కిరణాలు లయను సరిచేయడానికీ పనికొస్తున్నాయి. మందులకు, కేథటర్ చికిత్సకు లొంగని జఠరికల టాకీకార్డియా ఉన్న ఐదుగురికి గుండెలోని దోషస్థానం మీద ఒకేసారి 25 గ్రే ఇచ్చి మంచి ఫలితం సాధించినట్టు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో ప్రకటించారు. దీని మీద పరిశోధన సాగుతోంది.

ఊపిరితిత్తి లేదా అన్నవాహిక తొలగించే శస్త్రచికిత్స తర్వాత రెండు మూడు రోజులకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావడం చాలా సాధారణం. ఎక్కువమందిలో అది కొద్దివారాల్లో తగ్గిపోతుంది. ఆకస్మికంగా వచ్చిందంటే లోపల ఇన్ఫెక్షన్ గాని, కుట్ల దగ్గర లీకు గాని ఉందేమో చూసుకోవాలి.

లక్షణాలు, నిర్ధారణ

గుండె దడ, ఆయాసం, కళ్లు తిరగడం, ఛాతీలో బరువు, స్పృహ తప్పడం ప్రధాన లక్షణాలు. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. నీరసం కీమో వల్లే అనుకుని రోగీ, ఇంట్లోవాళ్లూ సర్దిచెప్పుకోవడం నిర్ధారణ ఆలస్యమవడానికి పెద్ద కారణం.

చికిత్సకు ముందు తీసిన ఈసీజీ తర్వాతి పోలికలకు ఆధారం. దాన్ని ఫైలులో భద్రపరచుకోవాలి. సందర్భాన్ని బట్టి పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, ట్రోపోనిన్, ఎకో చేయిస్తారు. వచ్చిపోయే దడను పట్టుకోవడానికి 24 గంటల హోల్టర్ లేదా ఛాతీకి అంటించే పట్టీ వాడతారు. కోవిడ్ కాలంలో కొని ఇంట్లో పెట్టుకున్న వేలి ఆక్సీమీటర్ నాడి వేగాన్ని చూపుతుంది కాని లయ రకాన్ని తేల్చలేదు.

చికిత్స

మొదటి మెట్టు కారణాన్ని సరిచేయడం. సైనస్ టాకీకార్డియాలో గుండె వేగం తగ్గించే మాత్ర ఇవ్వడం కంటే రక్తహీనతా, ఇన్ఫెక్షనా, ఒంట్లో నీరు తగ్గిందా, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందా, గుండె చుట్టూ నీరు చేరిందా అని వెతకడం ముఖ్యం. టోర్సాడ్ వస్తే పొటాషియం సరిచేస్తూ, 2 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్‌ను నరం ద్వారా ఇస్తారు. ప్రాణాపాయంలో షాక్ ఇస్తారు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వేగాన్ని అదుపులో పెట్టడానికి మెటోప్రోలోల్, బైసోప్రోలోల్ వంటి బీటా బ్లాకర్లు అనుకూలం. డిల్టియాజెమ్, వెరపామిల్, అమియోడరోన్ కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను అడ్డుకుని ఐబ్రూటినిబ్ వంటి వాటి మోతాదును రక్తంలో పెంచేస్తాయి. అమియోడరోన్ క్యూటీని కూడా పెంచుతుంది.

రక్తం పలచన చేసే మందుల నిర్ణయం అన్నిటికంటే క్లిష్టమైనది. పక్షవాతం ముప్పును లెక్కకట్టే మామూలు పట్టికల్లో క్యాన్సర్‌కు చోటు లేదు. యూరోపియన్ మార్గదర్శకాలు నాలుగు విషయాలు చూడమంటాయి: గడ్డకట్టే ముప్పు, రక్తస్రావ ముప్పు, మందుల మధ్య ఘర్షణ, రోగి అభిప్రాయం. ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉంటే సాధారణ మోతాదు ఇవ్వవచ్చు. 25,000 కంటే తగ్గితే సాధారణంగా మానేస్తారు. మధ్యలో ఉన్నవారి విషయంలో వ్యక్తిని బట్టి నిర్ణయం. జీర్ణాశయం, మూత్రకోశం క్యాన్సర్లలో అపిక్సబాన్, రివరోక్సబాన్ తరహా మందులతో రక్తస్రావం ఎక్కువ కావచ్చు కనుక మరింత జాగ్రత్త అవసరం.

తెలుగు రాష్ట్రాల్లో

పాశ్చాత్య మార్గదర్శకాల్లో అంతగా కనిపించని ఒక సమస్య ఇక్కడుంది. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ముడుచుకుపోయినవారు మన దగ్గర ఇంకా చాలామందే ఉన్నారు. వారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముందునుంచే ఉంటుంది, రక్తం పలచన చేసే ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడుతుంటారు. రుమాటిక్ రోగుల్లో రివరోక్సబాన్ కంటే ఈ పాత మందులే మేలని 2022లో వెలువడిన ఇన్‌విక్టస్ ప్రయోగం తేల్చింది. అటువంటివారికి క్యాన్సర్ వచ్చి కాపెసిటబిన్ మొదలుపెడితే రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ ఒక్కసారిగా పెరిగి రక్తస్రావం కావచ్చు. తిండి తగ్గినా, వాంతులైనా అదే జరుగుతుంది. వారికి నెలకోసారి పరీక్ష చాలదు, చికిత్స సాగినంతకాలం వారానికోసారైనా చూడాలి.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, బసవతారకం ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ ప్రాంతపు ప్రధాన క్యాన్సర్ చికిత్సా కేంద్రాల్లో ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల జిల్లాల్లోని పేద రోగులకూ కీమో అందుబాటులోకి వచ్చింది. రోగి నగరంలో కీమో ఎక్కించుకుని బస్సులో ఊరికి చేరుతాడు. వాంతులు, విరేచనాలు మొదలయ్యేది ఊళ్లో. చూసేది స్థానిక ఆర్‌ఎంపీ లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు. గుండె జబ్బుకు చూపించుకునేది మరో ఆసుపత్రిలో. మూడు చోట్ల రాసిన మందులు ఒకే కాగితం మీదకు రాకపోవడమే ఇక్కడ లయ సమస్యలను పెంచే లోపం. ఖరీదైన యంత్రాలేవీ లేకుండానే దీన్ని సరిచేయవచ్చు.

రోగులకు, ఇంట్లోవారికి

వాడుతున్న మాత్రలన్నిటి పేర్లు, మోతాదులు రాసిన చీటీ, పాత ఈసీజీ ఎప్పుడూ ఫైలులో ఉండాలి. క్యాన్సర్ వైద్యుణ్ని అడగకుండా దుకాణంలో గ్యాస్ మాత్ర, యాంటీబయాటిక్ కొనవద్దు. వాంతులు, విరేచనాలు ఒక రోజు దాటి సాగితే పొటాషియం, మెగ్నీషియం పరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాల జబ్బు లేనివారికి కొబ్బరినీళ్లు, అరటిపండు మేలే. ఆ జబ్బు ఉన్నవారికి అవే హాని. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, విశ్రాంతిలో నాడి 120 దాటి తగ్గకపోయినా, 40 కంటే పడిపోయినా 108కు ఫోన్ చేయాలి. దడ వచ్చిందని భయపడి క్యాన్సర్ మాత్రను సొంతంగా ఆపేయడం కూడా పొరపాటే. గుండె లయ తప్పినవారిలో అత్యధికులకు పొటాషియం సరిచేసి, ఒక మాత్ర మార్చి, క్యాన్సర్ చికిత్సను కొనసాగించడం సాధ్యమే.